పెరట్లో ఫైర్ పిట్ కట్టించాలనుకుంటున్నాను. గోడ అవతల అంతా ఎండుగడ్డి ప్లాట్లే

జడ్చర్ల కొత్త ఇల్లు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. జడ్చర్ల దాటిన తరువాత 44వ నంబరు జాతీయ రహదారికి లోపలి వైపున ఉన్న ఒక వెంచర్‌లో ఇల్లు కట్టుకొని, మొన్న దసరాకు గృహప్రవేశం చేశాము. ప్లాటు 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 267 గజాలు. ముందు కారుకు చోటు వదిలి ఇల్లు కట్టగా వెనుక 15 అడుగుల పెరడు మిగిలింది. సంక్రాంతికి డాలస్ నుండి మా తమ్ముడి కుటుంబం వస్తున్నది. అక్కడ వాళ్లు పెరట్లో ఫైర్ పిట్ (చలిమంట వేసుకోవడానికి కట్టిన చోటు) చుట్టూ కూర్చొని మాట్లాడుకోవడం వీడియో కాల్‌లో చూసిన మా పిల్లలు, చిన్నాయన వచ్చేనాటికి మన ఇంట్లో కూడా అది ఉండాలని పట్టుబట్టారు. మేస్త్రీని అడిగితే రెండు రోజుల పని అన్నాడు. వెనుక గోడకు ఆనించి మూడడుగుల వెడల్పున ఇటుకతో గుండ్రంగా కట్టి, దాని చుట్టూ ఇంటి పనిలో మిగిలిన షాబాద్ బండలు పరుస్తాడట.

గోడ అవతలి సంగతే నన్ను ఆపుతున్నది. వెంచర్‌లో వందకు పైగా ప్లాట్లుంటే పదిహేను ఇళ్లే లేచాయి. మిగిలినవాటి యజమానులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. కొన్న నాటి నుండి ఇటు చూసినవారు తక్కువ. ఈ ఏడు వానలు బాగా పడినందున ఆ ప్లాట్లలో నడుమెత్తు గడ్డి పెరిగి, ఇప్పుడు పూర్తిగా ఎండిపోయింది. మధ్యమధ్య వయ్యారిభామ, సర్కారు తుమ్మ పొదలు. ఆ ప్లాట్లు దాటితే చిన్న గుట్ట, గుట్టకు ఇటువైపు రెండు ఇళ్లు, ఒక పశువుల కొట్టం ఉన్నాయి. మా గోడ ఎత్తు ఐదడుగులే.

మేస్త్రీ చెప్పిన చోట కట్టించవచ్చా? ఏయే నెలల్లో మంట వేసుకోవచ్చు? ఆర్పడానికి నీళ్లు మంచివా, ఇసుకా? దీనికి మున్సిపాలిటీ అనుమతి ఏమైనా ఉంటుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాలమూరు ఇంజినీరు:

నమస్కారం అండీ. మేస్త్రీకి మాట ఇవ్వకముందే టేపు పట్టి కొలవండి. అమెరికాలో ఎన్నో ఊళ్లు తమ నిబంధనలకు ఆధారంగా పెట్టుకొన్న అంతర్జాతీయ ఫైర్ కోడ్ ప్రకారం, సరదాకు ఆరుబయట వేసే కట్టెల మంటకూ, ఏదైనా కట్టడానికీ లేదా కాలే వస్తువుకూ మధ్య కనీసం 25 అడుగుల దూరం ఉండాలి. కట్టెల పేర్పు 3 అడుగుల వెడల్పునూ 2 అడుగుల ఎత్తునూ మించకూడదు. మంట పూర్తిగా ఆరే వరకు ఒక మనిషి దగ్గరే ఉండాలి, చేతికందే దూరంలో నీళ్లో, ఆర్పే పరికరమో ఉండాలి. మీ పెరడు 15 అడుగులు. సరిగ్గా నడుమ కట్టినా ఇటు ఇల్లు, అటు గోడ ఏడున్నర అడుగుల దూరంలో ఉంటాయి. గోడకు ఆనించి కడితే ఎండుగడ్డికి మీకు మధ్య తొమ్మిది అంగుళాల ఇటుక మాత్రమే మిగులుతుంది, అది కూడా ఐదడుగుల ఎత్తు వరకే. రవ్వలు అంతకంటే పైకి లేస్తాయి. ఆ కోడ్ జడ్చర్లలో చట్టం కాదు, నిజమే. కానీ ఆ అంకె వెనుక ఉన్న లెక్క, అంటే ఒక రవ్వ ఎంత దూరం ఎగిరి ఇంకా అంటించగల వేడితో దిగుతుందన్నది, మన పెరట్లోనూ అదే.

తరువాత పెరట్లో నిలబడి ఒకసారి నాలుగు వైపులా చూడండి. మన ఇళ్లలో వెనుక వసారాలో సాధారణంగా ఏముంటాయో చెబుతాను: గ్యాస్ సిలిండరు, దాని రబ్బరు పైపు, కిటికీకి బిగించిన కూలరు, నీడ కోసం కట్టిన ఆకుపచ్చ షేడ్ నెట్, ఆరవేసిన బట్టలు, మూలన కొబ్బరి మట్టలు. వీటిలో కూలరును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చలికాలమంతా నీళ్లు లేకుండా పడి ఉన్న కూలరులోని గడ్డి ప్యాడ్ల కంటే తొందరగా అంటుకొనే వస్తువు ఇంట్లో మరొకటి ఉండదు. షేడ్ నెట్ ప్లాస్టిక్కు. అది కాలుతూ కరిగి చుక్కలు చుక్కలుగా కింద పడుతుంది.

షాబాద్ బండల విషయం కూడా చెప్పాలి. అది సున్నపురాయి, పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. పొరల మధ్య తేమ ఉన్నప్పుడు గట్టి వేడి తగిలితే ఆ తేమ ఆవిరై పెచ్చులు చిటిలి లేస్తాయి. ఆ పెచ్చు కంటికి తగిలితే పరిస్థితి ఏమిటి? నల్లరాయి అయినా అంతే. మన వైపు బండ మీద మంట పెట్టి పొర లేపి రాయి తీసే పనివాళ్లను చూసినవారికి, రాయికి నిప్పంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. వాగులో నుండి తెచ్చిన గుండ్రాళ్లు ఇంకా ప్రమాదం. మంట తగిలే లోపలి వరుసకు ఫైర్ బ్రిక్ (గట్టి వేడికి తట్టుకొనే ఇటుక) తప్ప మరేదీ వాడకూడదు, అడుగున నీరు దిగిపోయేలా కంకర వేయాలి.

గ్యాస్‌తో మండే ఫైర్ పిట్‌లు కూడా అమ్ముతున్నారు. వాటికి రవ్వల బాధ లేదు, బూడిద లేదు, పిడి తిప్పితే ఆరిపోతుంది. ఒక్క జాగ్రత్త: మన వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, గుంతలో నిలుస్తుంది. అందువల్ల దానిని నేలలో గుంత తవ్వి పెట్టకూడదు, నేల మీద గాలి ఆడేలా పెట్టాలి.

అనుమతి గురించి: చట్టం ప్రధానంగా చూసేది అనుమతి కాగితాన్ని కాదు, నిర్లక్ష్యాన్ని. భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ ప్రకారం, మనుషుల ప్రాణాలకు ముప్పు కలిగేలా నిప్పుతో నిర్లక్ష్యంగా వ్యవహరిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మంటలో ఆకులు, ప్లాస్టిక్కు, ఇంటి చెత్త వేశారంటే అది వేరే తప్పు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆరుబయట చెత్త కాల్చడాన్ని నిషేధిస్తూ మామూలుగా కాల్చినవారికి 5,000, పెద్ద ఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయల చొప్పున వసూలు చేయాలని ఆదేశించింది.

మన్ననూరు విశ్రాంత ఉద్యోగి:

నేను అమ్రాబాద్ వైపు అటవీ శాఖలో పనిచేసి విరమణ పొందినవాడిని. ఇంజినీరు గారు కట్టడం సంగతి చెప్పారు కాబట్టి నేను గడ్డి సంగతి చెబుతాను.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూలు, నల్గొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది. అందులో మాకు నిద్ర లేకుండా చేసేవి టేకు, నల్లమద్ది వంటి పెద్ద చెట్లు కావు. గుట్టల పైన పెరిగే బోధ గడ్డి, ఫిబ్రవరి నుండి రాలి పరుచుకొనే ఆకు. పెద్ద చెట్టు మొద్దు అంటుకోవడానికి ఎంతో సేపు పడుతుంది. పావు అంగుళం కంటే సన్నగా ఉన్న గడ్డి పరక, ఆకు, పుల్ల మాత్రం చుట్టూ ఉన్న గాలిలోని తేమను బట్టి గంటలోపే తడుస్తాయి, గంటలోపే ఎండిపోతాయి. అందుకే వాటిని గంట ఇంధనం అంటారు. తెల్లవారుజామున మంచుకు చేతికి తడి తగిలిన గడ్డే, పదకొండు గంటల ఎండకు గలగలమంటుంది. పొద్దున పెరట్లో పైపుతో నీళ్లు కొట్టాము కదా, సాయంత్రం మంట వేసుకోవచ్చు అని అనుకొనేవారు ఈ ఒక్క విషయం తెలుసుకోవాలి.

మీరు వానలు బాగా పడ్డాయని రాశారు. చాలామంది కరువు సంవత్సరంలోనే మంటల భయం ఎక్కువ అనుకుంటారు. అడవిలో మా అనుభవం దానికి తిరగబడి ఉంటుంది. వాన బాగా పడిన ఏడాది గడ్డి ఏపుగా పెరుగుతుంది. మరుసటి మార్చి నాటికి అదంతా ఇంధనమే. కరువు ఏడాదిలో నేల బోడిగా ఉండి మంట సాగడానికి ఆధారం దొరకదు.

ఏయే నెలలని అడిగారు. అడవి మంటలతో పనిచేసేవారు చెప్పుకొనే ఒక మోటు లెక్క ఉన్నది: ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 30 శాతం కంటే తగ్గి, గాలి వేగం గంటకు 30 కిలోమీటర్లు మించితే ఆ మంట మన చేతిలో ఉండదు. మన పాలమూరులో మార్చి నుండి జూన్ మొదటి వానల వరకు, మొదటి రెండు షరతులు దాదాపు ప్రతి మధ్యాహ్నమూ నెరవేరుతాయి. మిగిలింది గాలి ఒక్కటే. ఎండాకాలపు సాయంత్రం ఆకు కదలకుండా ఉక్కపోసి, చూస్తుండగానే దుమ్ము లేపుకొంటూ ఈదురుగాలి రావడం మీరందరూ చూసినదే. అది చెప్పి రాదు. కాబట్టి మార్చి నుండి తొలకరి వరకు కట్టెల మంట అనే మాటే వద్దు. చలికాలంలో రాత్రిపూట, గాలి లేనప్పుడు, చుట్టూ గడ్డి లేనప్పుడు వేసుకోవచ్చు. మూడు షరతులూ కలిసి ఉండాలి, ఏ రెండో కాదు.

మరొకటి, మీ వెనుక గుట్ట. మంట చదును మీద కంటే ఎగువకు చాలా వేగంగా పోతుంది, ఎందుకంటే వంగిన మంట పైన ఉన్న గడ్డిని ముందే వేడి చేసి ఎండబెడుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు అవుతుందని మాకు శిక్షణలో చెప్పేవారు. గుట్ట దగ్గర ఉన్న ఆ రెండు ఇళ్లవారికి మీరు మంట వేసే సంగతి తెలియాలి.

కట్టెల ఎంపిక కూడా చూసుకోండి. ఊళ్లో ఉచితంగా దొరుకుతాయి కదా అని పత్తి కట్టె, కంది కట్టె తెస్తారు. అవి భగ్గున మండి, తేలికైన నిప్పుపెళ్లలుగా లేచి గాలిలో పోతాయి. వెదురు కణుపులు తుపాకీలా పేలుతాయి. బాగా ఎండిన తుమ్మ మొద్దు నిదానంగా కాలి గట్టి నిప్పు ఇస్తుంది.

నారాయణపేట నుండి ఒక పాఠకుడు:

పెద్దలందరి మాటలూ చదివాను. నాకు ఇదంతా కొంచెం ఎక్కువ భయపడటంగా తోస్తున్నది. మా తాతగారు పుష్య మాసం అంతా వాకిట్లో చలిమంట వేసేవారు. ఇప్పటికీ భోగి మంటలు వేస్తున్నాము, హోళీ ముందు రాత్రి నడివీధిలో కామదహనం చేస్తున్నాము, అది కూడా మార్చి నెలలోనే. ఏ ఊరూ తగలబడలేదు. అమెరికా అడుగుల లెక్కలు తెచ్చి ఇక్కడ పిల్లల సరదాను ఆపడం అవసరమా?

మన్ననూరు విశ్రాంత ఉద్యోగి:

మీ ప్రశ్న న్యాయమైనదే, అందుకే వివరంగా జవాబు చెబుతాను. మీ తాతగారి వాకిలిని ఒకసారి గుర్తు చేసుకోండి. రోజూ ఊడ్చి సానుపు చల్లిన నేల అది; అందులో గడ్డి పరక దొరకదు. ఊరి చుట్టూ ఉన్న బీళ్లను పశువులు, మేకలు, గొర్రెలు నున్నగా మేసేవి. గడ్డివామును ఎవరైనా ఇంటికి ఆనించి వేసేవారా? ఊరి బయట కల్లం దగ్గరో, దొడ్డిలో దూరంగానో వేసేవారు. ఆ దూరం నిప్పు భయంతో పెట్టుకొన్నదే. కామదహనం జరిగేది కూడలిలో, చుట్టూ యాభై మంది నిలబడి ఉండగా. ఇప్పుడు వెంచర్లలో ఆ మూడూ లేవు. కడీలు పాతి తీగ లాగిన ప్లాటులోకి మేకలు రావు, గడ్డి కోసేవారు లేరు, గోడ అవతల మనిషే లేడు. అంటే ఎకరాలకు ఎకరాలు నిలువెత్తు గడ్డివాములో ఇళ్లు కట్టుకొన్నట్లు ఉన్నది. మన పెద్దల అలవాటును పాటించాలంటే మంట ఒక్కటే తీసుకొంటే చాలదు.

డెన్వర్ నుండి నల్గొండ వాసి:

మాది నల్గొండ. పదేళ్లుగా అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉంటున్నాము. ఇసుకా, నీళ్లా అన్న మీ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయాను.

2021 డిసెంబరు 30న ఇక్కడ బౌల్డర్ కౌంటీలో మంటలు లేచాయి. వాటికి మార్షల్ ఫైర్ అని పేరు. అది అడవి కాదు. లూయిస్‌విల్, సుపీరియర్ అనే ఊళ్ల పక్కనున్న గడ్డి మైదానం. నడి చలికాలం, మరుసటి రాత్రికి మంచు కూడా కురిసింది. ఆ రోజు గాలి గంటకు 160 కిలోమీటర్ల వేగాన్ని మించి వీచింది. కొన్ని గంటల్లో వెయ్యికి పైగా ఇళ్లు బూడిదయ్యాయి, ఇద్దరు చనిపోయారు. పైన పెద్దాయన చెప్పినట్లే, ఆ ఏడు వసంతంలో వానలు బాగా పడి గడ్డి పెరిగింది, ఆ తరువాత నెలల తరబడి చినుకు లేక ఎండింది.

కారణం ఏమిటని ఏడాదిన్నర పాటు విచారించి 2023 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. మంట రెండు చోట్ల పుట్టింది. ఒకచోట కరెంటు తీగ కారణమై ఉండవచ్చని తేల్చారు. రెండవది ఒక ఇంటి ఆవరణలో దాదాపు వారం ముందు వేసిన మంట. దానిని మట్టితో కప్పారు, ఆరిపోయిందనే అనుకొన్నారు. లోపల నిప్పు అలాగే ఉండి, ఆ గాలికి పైమట్టి ఎగిరిపోగానే రాజుకొన్నది. వారం రోజులు, అండీ.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. తరువాత మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. మా ఊళ్లో రాత్రి వంట అయ్యాక ఆమె పొయ్యిలోని నిప్పులను ఒక పక్కకు తోసి బూడిద కప్పేది. తెల్లవారి ఆ బూడిద తీసి పిడక పెట్టి ఊదితే అంటుకొనేది. అగ్గిపుల్ల ఖర్చు లేదు. నివురుగప్పిన నిప్పు అన్న మాటను మనం మనుషుల కోపానికి వాడి వాడి, అది ముందుగా పొయ్యి గురించిన మాట అన్నది మరిచిపోయాము. ఇసుక పోయడం, మట్టి కప్పడం అంటే నిప్పును ఆర్పడం కాదు, దాచి పెట్టడం. ఇసుక వేడిని బయటికి పోనివ్వదు.

ఇక్కడ మాకు నేర్పించిన పద్ధతి ఇది: కట్టెలను విడదీసి నీళ్లు పోయాలి, కర్రతో అడుగు వరకు కలిపి మళ్లీ పోయాలి, సర్రుమనే చప్పుడు ఆగే వరకు పోస్తూనే ఉండాలి, ఆ తరువాత చేతి వెనుక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా అనిపించిందంటే ఆరలేదు. బూడిదను చెత్త బండిలో వేయకూడదు. మూత ఉన్న ఇనుప డబ్బాలో తడిపి రెండు మూడు రోజులు ఉంచిన తరువాతే మొక్కలకు వేసుకోవాలి. గాలి, పొడితనం కలిసి ప్రమాదంగా ఉన్న రోజుల్లో ఇక్కడ వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఇస్తుంది. పొడి కాలంలో స్థానిక అధికారులు కట్టెల మంటలను నిషేధిస్తారు. మీ తమ్ముడిని అడగండి, టెక్సాస్‌లో కూడా కౌంటీల వారీగా అలాంటి నిషేధాలు ఉంటాయి. వీడియో కాల్‌లో కనిపించేది మంట వేసిన రోజులే కదా, వేయని రోజులు మీ పిల్లలకు కనిపించవు.

బత్తాయి తోట, నల్గొండ జిల్లా:

నాకు ఫైర్ పిట్ గురించి తెలియదు. గోడ అవతల ఉన్నవాడి మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

రెండు సంవత్సరాల కింద ఏప్రిల్‌లో మా పక్క పొలంలో వరికొయ్యలకు నిప్పు పెట్టారు. పెట్టినాయన సాయంత్రానికి ఆరిపోతుందని ఇంటికి పోయాడు. రాత్రి గాలి తిరిగి, గట్టు మీది ఎండుగడ్డి వెంట మంట మా తోటలోకి వచ్చింది. చెట్లు పూర్తిగా కాలలేదు. మంట నేల మీదనే పోయింది. కానీ డ్రిప్ పైపులు ఉన్నవి నేల మీదనే. ఎకరంన్నరలో చెట్ల వరుసల వెంట పరిచిన సన్న (లాటరల్) పైపులన్నీ కరిగి నేలకు అంటుకొన్నాయి. నడి ఎండాకాలంలో, కాయ మీద ఉన్న చెట్లకు పది రోజులు నీళ్లు అందలేదు. మొదళ్ల దగ్గర బెరడు కాలిన చెట్లు ఆ నెలలో పచ్చగానే కనిపించి, వానాకాలం తరువాత ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. నష్టం ఎంతని అడిగితే ఆ రోజు చెప్పగలిగే పరిస్థితి లేదు.

పక్క పొలం ఆయన చెడ్డవాడు కాడు. ఇప్పటికీ మాట్లాడుకొంటాము, అన్నా అనే పిలుస్తాడు. కానీ ఆ రోజు నిప్పు పెడుతున్నానని ఒక్క ఫోను చేసి ఉంటే, నేను మధ్యాహ్నమే ట్రాక్టరుతో గట్టు వెంట రెండు సాళ్లు దున్నుకొనేవాడిని. దున్నిన మట్టి మీద మంట సాగదు. మీరు కూడా కట్టేది కట్టండి, ముందు ఆ గుట్ట కింది కొట్టం యజమానికి ఒక మాట చెప్పండి.

జడ్చర్ల కొత్త ఇల్లు:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న టేపు పట్టి కొలిచాను. వంటగది కిటికీ కింద సిలిండరు, దాని పక్కన కూలరు, ఆ రెండూ మేస్త్రీ గీత గీసిన చోటుకు పన్నెండు అడుగులే ఉన్నాయి. వెనుక గోడకు కట్టించే ఆలోచన మానుకొన్నాము. ఒక సందేహం మిగిలింది. కాళ్లున్న ఇనుప గిన్నె లాంటి ఫైర్ పిట్ దొరుకుతున్నది, పైన జాలీ మూత కూడా ఉంది. దానిని డాబా మీద పెట్టుకొంటే గడ్డికి దూరంగా ఉంటుంది కదా? చలి ఎక్కువైతే నిప్పులను కుంపటిలా లోపలికి కూడా తెచ్చుకోవచ్చునని మా అత్తగారు అంటున్నారు.

పాలమూరు ఇంజినీరు:

డాబా వద్దండి. నేల మీద లేని గాలి డాబా మీద ఉంటుంది. అక్కడ లేచిన రవ్వ ఇంకా దూరం పోయి మీ వెనుక గడ్డిలోనే దిగుతుంది. జాలీ మూత పెద్ద రవ్వలను ఆపుతుంది, సన్నవాటిని పూర్తిగా ఆపదు. పైగా నీళ్ల ట్యాంకు, దాని ప్లాస్టిక్కు పైపులు అక్కడే ఉంటాయి, స్లాబుకు కూడా ఒకే చోట అంత వేడి మంచిది కాదు.

అత్తగారి మాటకు మాత్రం గట్టిగా అడ్డు చెప్పండి. నిప్పుల కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టుకొని పడుకోవడం ప్రాణాంతకం. పొగ కనిపించకపోయినా నిప్పుల నుండి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు. పాత ఇళ్లలో పెంకుల సందుల్లో నుండి, కిటికీ రెక్కల సందుల్లో నుండి గాలి ఆడేది. మీ కొత్త ఇంటికి అల్యూమినియం కిటికీలు బిగించి ఉంటారు, వాటిలో ఆ సందు ఉండదు.

మీ వెంచర్‌లో పార్కుకు వదిలిన స్థలం ఏమైనా ఉన్నదా?

జడ్చర్ల కొత్త ఇల్లు:

ఉన్నది. పార్కు అని బోర్డు పెట్టారు కానీ ఒక్క మొక్క కూడా నాటలేదు. పిల్లలు వాలీబాల్ ఆడి ఆడి నేలంతా గట్టిపడి బోడిగా ఉంది. కోర్టు నడుమ నుండి అన్ని వైపులా నలభై అడుగులకు పైగా గడ్డి లేదని ఈ ఉదయం కొలిచి వచ్చాను. పదిహేను ఇళ్లవారమూ మాట్లాడుకొని, భోగి నాడు అక్కడే అందరమూ కలిసి మంట వేసుకోవాలని అనుకొన్నాము. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు, రెండు బకెట్లు పెడతాము. ఆర్పే బాధ్యత ఇద్దరి పేర్ల మీద రాసుకొన్నాము, ఒకరు నేనే. 101 నంబరును పిల్లలందరికీ నేర్పించాము. కొట్టం యజమానితో నిన్న సాయంత్రం మాట్లాడాను. ఆయన నవ్వి, మంట కంటే ముందు ఆ గడ్డి సంగతి చూడండి అన్నాడు.

అది కూడా మొదలుపెట్టాము. ఇళ్ల వెనుక పదిహేను అడుగుల మేర గడ్డి కోయించి, దాని అవతల ట్రాక్టరుతో దున్నించాలని ప్లాట్ల యజమానులకు ఫోన్లు చేస్తున్నాము. ముగ్గురు డబ్బు కూడా పంపారు. కోత యంత్రం తెస్తానన్న అతనిని ఎప్పుడు రమ్మనాలో తెలియడం లేదు. మధ్యాహ్నం అయితే ఖాళీగా ఉంటాడట.

మన్ననూరు విశ్రాంత ఉద్యోగి:

మధ్యాహ్నం వద్దు. మన నేలలో గడ్డి కింద రాళ్లు ఉంటాయి. తిరిగే బ్లేడు రాయికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. గడ్డి కోయబోయి గడ్డికి నిప్పు పెట్టినవారు ఉన్నారు. మంచు తడి ఉండగానే మొదలుపెట్టి తొమ్మిది గంటలకల్లా ఆపేయమనండి. వెనుక ఒక మనిషి నీళ్ల బిందెతో నడవాలి. కోసిన గడ్డిని అక్కడే కుప్ప వేయకుండా కొట్టం ఆయనకు ఇవ్వండి. వయ్యారిభామను మాత్రం ఏరి పక్కన పెట్టండి, పశువులకు అది మంచిది కాదు.

జడ్చర్ల కొత్త ఇల్లు:

అలాగే చెప్పాను. ఎల్లుండి ఉదయం ఆరు గంటలకు వస్తున్నాడు. గడ్డి తీసుకుపోవడానికి కొట్టం ఆయన బండి పంపుతానన్నాడు. మేస్త్రీ తెచ్చి దింపిన ఇటుకలు మిగిలాయి కాబట్టి పెరట్లో వాటితో మల్లె పాదుకు గట్టు కట్టిస్తున్నాము.